గుమ్మం ముందు కుళాయి

ఆ రోజుల్లో మా వీధి కుళాయి దగ్గర మనుషులకంటే ముందు రాళ్ళు వరసలో ఉండేవి. నీళ్ళు పొద్దున అయిదున్నరకు వచ్చేవి. అంతకు ముందే ఎవరి రాయి వాళ్ళు తెచ్చి పెట్టుకుంటే ఆ చోటు వాళ్ళది. దాన్ని ఎవరూ జరపకూడదు. రాయంటే రాయే కానక్కర్లేదు. పగిలిన సన్నికల్లు ముక్క ఒకరిది, సొట్టపోయిన డాల్డా డబ్బా ఒకరిది, పాత కుట్టుమిషను చక్రం ఒకరిది. నాది సిరాబుడ్డి. కాలేజీలో చదివేటప్పుడు కొన్న పెద్ద సీసా. సిరా అయిపోయాక, గాలికి పడిపోకుండా అందులో ఇసక పోసి మూత బిగించాను. ఆ సీసా కనపడగానే ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు, "అదుగో, బియ్యే గారొచ్చారు" అని.

మేం అద్దెకుండే భాగం కొండ మొదట్లో ఉంది. బెజవాడలో కొండలు ఇళ్ళ మధ్యకే వచ్చి కూర్చున్నాయి. కింద చోటు దొరకనివాళ్ళు వాటి మీదికెక్కి ఇళ్ళు కట్టుకున్నారు. మా గోడ పక్కనుంచే వాళ్ళ మెట్లు. మా గుమ్మం ముందు చిన్న అరుగు, అరుగు కింద మురుగు కాలువ, దాన్ని దాటడానికి ఒక నాపరాయి. అది దాటి వీధి చివరిదాకా నడిస్తే కుళాయి.

మా వారు ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషను కడుతున్న చోట గుమాస్తా. అయిదింటికల్లా బస్సుకు వెళ్ళిపోయేవారు. నీళ్ళొచ్చే వేళకు ఇంట్లో మిగిలేది నేనూ, ఎనిమిది నెలల మా పాపా. ఒక బిందె నింపుకుని వచ్చి, ఉయ్యాలలోకి తొంగి చూసి, మళ్ళీ పరుగు. ఒకరోజు నాలుగో బిందెతో వస్తుంటే పాప అరుగు అంచున కూర్చుని కనపడింది. ఉయ్యాలలోంచి ఎట్లా దిగిందో, గడప ఎట్లా దాటిందో నాకు ఇప్పటికీ తెలియదు. చేతిలో చీపురుపుల్ల. దాన్ని కిందికి చాచి కాలువలోకి వంగి చూస్తోంది. అరిస్తే ఉలిక్కిపడి పడుతుందేమోనని అరవలేదు. బిందెను చప్పుడు కాకుండా కింద పెట్టి, పిల్లిలాగా నడిచివెళ్ళి వెనకనుంచి పట్టుకున్నాను. పట్టుకున్నాక చేతిలోని పుల్ల లాగి కాలువలో పారేశాను.

ఆ రాత్రి మా వారికి చెబితే, "మంచం కోడుకు చీర గుడ్డతో కట్టేసి వెళ్ళు. మా అమ్మ మమ్మల్నందర్నీ అట్లాగే పెంచింది" అన్నారు. తిట్టలేదు, నవ్వలేదు. నిజంగానే అది దారి అనుకున్నారు. మర్నాటినుంచి అట్లాగే కట్టేశాను. వీధి చివరిదాకా ఏడుపు వినపడేది. వినపడుతున్నంతసేపూ నాకు ప్రాణం కుదురుగా ఉండేది. ఆగితే బిందె నిండినా నిండకపోయినా పరుగెత్తేదాన్ని.

అప్పుడు నన్ను ఆదుకున్నది వీధంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ. కొండ మీద పైవరసలో ఉండేది. కొల్లేటినుంచి వచ్చే చేపల గంపలు మార్కెట్టులో పట్టుకుని, వీధులు తిరిగి అమ్మేది. ఏభై దాటి ఉంటాయి. వాళ్ళింటికి ఎనభై నాలుగు మెట్లు. "నేను లెక్కెట్టలేదమ్మాయ్, నా మోకాళ్ళు లెక్కెట్టినయ్యి" అనేది. ఆవిడే తన రాయి పక్కన నా సీసా కూడా పెట్టడం మొదలుపెట్టింది. మా వంతు దగ్గరపడేదాకా నేను పాప దగ్గరే ఉండేదాన్ని. వంతు రాగానే వీధి చివరినుంచి కేక వినపడేది.

"ఓ బియ్యే! నీ సీసా పిలుస్తంది, రా!"

ఒకరోజు ఖాళీ గంప అరుగు మీద దించి, చెంగుతో మొహం తుడుచుకుంటూ అంది. "అమ్మాయ్, నువ్వు చదివిన చదువంతా ఆ సీసాలో ఇసక పోసి పెట్టావు గానీ, మా కొండకో అర్జీ రాయగూడదా? మెట్ల మీద ఒక్క కుళాయి ఏయమని."

"రాస్తాను పెద్దమ్మా. తెలుగులో చక్కగా..."

"తెలుగులో వద్దు, ఇంగిలీసులో రాయి. తెలుగులో రాత్తే ఆళ్ళకి అర్థమైపోద్ది. అర్థమైతే పని చెయ్యరు."

ఇంగ్లీషులోనే రాశాను. సంతకాలు చేయగలిగినవాళ్ళు కొండ మీద ముగ్గురే. మిగిలినవాళ్ళ వేలిముద్రలకు స్టాంపు ప్యాడు లేక పాప కాటుక డబ్బీ తీశాను. పెద్దమ్మ ఒక్కొక్కరి బొటనవేలూ తనే పట్టుకుని అద్దించింది. కాటుక అంటిన వేళ్ళతో ఆడవాళ్ళు ఒకరి బుగ్గకు ఒకరు దిష్టిచుక్కలు పెట్టుకుని నవ్వుకున్నారు. అందరూ వెళ్ళాక చివర్న ఒక వాక్యం చేర్చాను. పసిపిల్లల తల్లుల సౌకర్యార్థం కొండ మొదట కూడా ఒక కుళాయి వేయవలసిందని. అందులో తప్పేమీ లేదనుకున్నాను. రెండడిగితే రెండూ ఇస్తారేమో.

పాపను చంకనేసుకుని మునిసిపల్ ఆఫీసుకు ఎన్నిసార్లు వెళ్ళానో. నీళ్ళకు ఒక సెక్షను, గొట్టాలు వేసేందుకు ఒక సెక్షను, గొట్టం కోసం తవ్విన రోడ్డు పూడ్చేందుకు ఒక సెక్షను, ఆ రోడ్డు పక్కన పారే మురుగుకు ఒక సెక్షను. ఒక వరండాలోనే అన్నీ ఉన్నా ఒకదానికొకటి దూరపు చుట్టాల్లాగా ఉండేవి.

"ఇది నీళ్ళ సెక్షనమ్మా. కొండమీదికి గొట్టం లాగాలంటే ఇంజనీరింగు."

"ఇంజనీరింగులో మిమ్మల్నే అడగమన్నారండి."

"ఎవరన్నారు? పొట్టిగా, కళ్ళజోడు పెట్టుకునే ఆయనా? ఆయన లీవులో ఉన్నాడే."

"లీవులో ఉన్నానని ఆయనే చెప్పారండి."

ఆ గుమాస్తా నన్ను పరిశీలనగా చూసి, పాప ఫైలు తాడు నోట్లో పెట్టుకుంటుంటే మెల్లిగా లాక్కుని, "కాలువ పక్కన అని రాశారు గదా. కాలువ ఆరోగ్యం వాళ్ళది. అక్కడ కూడా ఒక కాపీ ఇవ్వండి" అన్నాడు.

ఆ ఏడాది ఊరంతా పనులే. ఒకళ్ళు తవ్వి వెళితే ఇంకొకళ్ళు పూడ్చేవాళ్ళు, పూడ్చినచోట కరెంటువాళ్ళు స్తంభం కోసం మళ్ళీ తవ్వేవాళ్ళు. మా వెనక వీధి మొగలో పసుపురంగు బోర్డు ఒకటి పాతారు, 'పనులు జరుగుచున్నవి' అని. రెండు వానాకాలాలు అది అక్కడే ఉంది. తరవాత ఎవరో పీక్కుపోయి తాటాకు దడితో కట్టిన స్నానాలగదికి తలుపు చేసుకున్నారు. లోపల ఎవరైనా నీళ్ళు పోసుకుంటున్నప్పుడు ఆ అక్షరాలు వీధివైపుకు కనపడుతుండేవి.

పాప నిలబడి నడవడం మొదలుపెట్టిన రోజుల్లో ఓవర్సీరు వచ్చాడు. మధ్యాహ్నపు వేళ. మగవాళ్ళు పనుల్లో ఉన్నారు, పెద్దమ్మ గంపెత్తుకుని ఊళ్ళోకి వెళ్ళింది. మెట్ల దగ్గర కాసేపు నిలబడి చూసి, టేపు చుట్టుకుంటూ నా దగ్గరకొచ్చాడు.

"అర్జీ రాసింది మీరేనా? ఇంగ్లీషు బావుందండీ. చూడండి, రెండు రావు, ఒకటే శాంక్షనయింది. మరీ పైకి ప్రెషరు ఎక్కదు. పదిహేనో మెట్టు దగ్గర మలుపులో చదునుంది చూశారా, అక్కడిదాకా లాగొచ్చు. లేదంటే ఇదిగో, ఇక్కడ, మీ గుమ్మం ముందు. ఎక్కడ కావాలో చెప్పేస్తే గుర్తు పెట్టుకుని పోతాను. మళ్ళీ రాలేను."

పదిహేనో మెట్టు నాకు తెలుసు. పెద్దమ్మ బిందె దించుకుని ఊపిరి పీల్చుకునే చోటు అదే. అక్కడ కుళాయి ఉంటే కొండవాళ్ళకు వీధంతా నడవడమూ తప్పుతుంది, ఆ మెట్లూ తప్పుతాయి. నాకు మాత్రం పాపను మంచానికి కట్టి పదిహేను మెట్లెక్కడమే. అదే సమయానికి పాప నా కుచ్చెళ్ళు వదిలేసి అరుగు అంచుకు రెండడుగులు వేసింది. చెయ్యి పట్టి లాగాను.

"ఇక్కడేనండి" అన్నాను.

ఆయన సుద్దముక్కతో నేలమీద ఇంటూ గుర్తు పెట్టాడు.

సాయంత్రం పెద్దమ్మ వచ్చి ఆ గుర్తు చూసి, "ఇదేంటమ్మాయ్?" అంది.

"కుళాయి ఇక్కడ పడుతుంది. ఓవర్సీరు వచ్చాడు. పైకి ఎక్కదన్నాడు."

"పైకంటే ఎంత పైకి?"

"అసలు ఎక్కదన్నాడు పెద్దమ్మా."

ఒక్క మాట. దాన్ని అనడానికి నేను ముందుగా ఆలోచించుకోలేదు, తడుముకోనూ లేదు. ఆవిడ కాసేపు కొండకేసి చూసింది. "పోన్లే. వీధి చివరిదాకా నడవడం తప్పింది గదా. గంగమ్మ కొండెక్కకపోయినా కొండ కాళ్ళ దగ్గరకొచ్చింది" అంది. ఆ రోజు మిగిలిన చేపల్లో రెండు మా ఇంట్లో ఇచ్చి వెళ్ళింది.

కుళాయి వేశారు. గొట్టానికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టారు. తిప్పితే పాపకు జలుబు చేసినప్పుడు ముక్కు కారినంత ధార వచ్చింది. బిందె నిండేలోపల ఒక కాపురం కథంతా చెప్పుకోవచ్చు. రెండోరోజుకే వీధిలో గొణుగుడు మొదలైంది. మూడోరోజు ఏదో బిగించడానికి ఫిట్టరు వచ్చినప్పుడు అడిగాను.

"దించితే వస్తాయండి," అన్నాడతను. "ఇంత ఎత్తున ఉంటే ఏం ఎక్కుతాయి? గుంట తవ్వి, గొట్టం కోసి, మూతి కిందకి పెట్టాల. ఊళ్ళో శానామంది అట్టాగే దించుకుంటన్నారు. కాకపోతే నేను చేసినట్టు తెలవకూడదు."

గుంట ఎక్కడ తవ్వాలి? కుళాయి కిందే. మురుగు కాలువకు జానెడు దూరంలో.

నాకు తెలియదని చెప్పడానికి లేదు. హైస్కూల్లో ఆరోగ్యశాస్త్రం పుస్తకంలో ఆ బొమ్మ ఉండేది. మంచినీళ్ళ బావి, పక్కన పేడకుప్ప, మధ్య మట్టిలోంచి బాణం గుర్తులు. ఆ బొమ్మ నేను రంగు పెన్సిళ్ళతో వేశాను, మా పంతులమ్మగారు క్లాసంతటికీ చూపించారు. అదంతా గుర్తుండే, "దించండి" అన్నాను. అతను తవ్వుతున్నంతసేపూ అరుగు మీదే కూర్చున్నాను, మధ్యలో కాఫీ ఇచ్చాను. రెండు మూరల లోతు. చుట్టూ ఇటుకలు పేర్చాడు. మర్నాడు పొద్దున నీళ్ళు వదిలినప్పుడు ధార చూసి ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"బియ్యే అంటే ఇదీ!" అంది పెద్దమ్మ.

తరవాత మూడు నెలలు నేను సుఖంగా ఉన్నాను. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం. పాపకు కట్టు విప్పేశాను. రాళ్ళ వరస మా అరుగు దగ్గరనుంచి మొదలయ్యేది. నా సీసా ఎప్పుడూ మొదట. నేను పెట్టకపోయినా ఆ చోటు నాకు వదిలేవాళ్ళు. ఎవరైనా బిందెల దగ్గర పోట్లాడుకుంటే తీర్పు నాదే. మొదట వచ్చే రెండు బిందెల నీళ్ళు ఎర్రగా, కాస్త వాసనగా ఉండేవి. వాటిని కాళ్ళు కడుక్కోవడానికి, అరుగు కడగడానికి వాడి, మూడో బిందెనుంచి తాగడానికి పట్టేదాన్ని. మొదటి నీళ్ళు నాకే వస్తాయన్నది ఆ రోజుల్లో గొప్పగా అనిపించేది.

నీళ్ళు ఆగిపోయాక గొట్టం ఖాళీ అవుతుందని, ఖాళీ గొట్టం గుంటలో ఏది నిలిస్తే దాన్ని పీల్చుకుంటుందని తరవాత ఆసుపత్రిలో ఒకరు చెప్పారు. చెప్పకముందు మాత్రం తెలియదా? గుంటలో పొద్దున్నే కుళాయి మూతి మునిగి ఉండటం రోజూ చూస్తూనే ఉన్నాను. డొక్కు డబ్బాతో తోడి పోసేదాన్ని.

వేసవి వచ్చింది. నదిలో నీళ్ళు తగ్గాయి, డెల్టా కాలువలు కట్టేశారు. గంటసేపు వచ్చే కుళాయి పావుగంటకే ఆగిపోయేది. మొదటి రెండు బిందెలూ పారబోసుకునే రోజులు పోయాయి. అవీ పట్టాను. పటిక తిప్పి, పంచె గుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టాను. మడ్డి అడుగుకు దిగాక అద్దంలా ఉన్నాయి నీళ్ళు. కిరసనాయిలు దొరక్క, పాలు కాచేటందుకే స్టవ్వు వెలిగించేదాన్ని. నీళ్ళు కాచలేదు.

తొలకరి వాన ఒక మధ్యాహ్నం పడింది. కాలువ పొంగి, నాపరాయి మీదినుంచి పారి, గుంట నిండింది. మర్నాడు పొద్దున నేను గుంట తోడాను, నీళ్ళు పట్టాను, పటిక తిప్పాను. ఆ మూడోరోజు పాపకు వాంతులు మొదలయ్యాయి.

మధ్యాహ్నానికి విరేచనాలు. సాయంత్రానికి ఏడుస్తోంది గానీ కళ్ళలోంచి చుక్క నీరు రావడం లేదు. పొట్టమీది చర్మం పట్టుకుని వదిలితే ముడత అట్లాగే నిలిచింది. నేను మా వారికోసం ఆగలేదు. రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. చేతుల్లో నరం దొరక్క పాదం దగ్గర కోసి సెలైను పెట్టారు. బందరు వైపు యాసతో మాట్లాడే నర్సు ఒకావిడ, మెడలో సన్న గొలుసుకు శిలువ, పాప కాలు కదలకుండా అట్టముక్కకు కట్టింది. మంచం కోడుకు నేను కట్టిన కట్టులాగే.

"ఏ వీధి మీది?" అంది.

చెప్పాను.

"అదుగో ఆ మూడో మంచం పిల్లది కూడా అదే వీధి. పొద్దున వచ్చిన ఇద్దరూ అదే. ఏం నీళ్ళు తాగుతున్నారమ్మా మీరంతా?"

"కుళాయి నీళ్ళేనండి."

"కుళాయి నీళ్ళయితే ఇట్లా ఎందుకవుద్దీ?" అని నా మొహంలోకి చూసింది. "మీరు చదువుకున్నట్టున్నారే. నీళ్ళు కాచరా?"

మూడో మంచం మీద ఉన్నది పెద్దమ్మ మనవరాలు. నాలుగేళ్ళ పిల్ల. మంచం పక్కన నేలమీద పెద్దమ్మ కూర్చుని ఉంది. చేపల వాసన వస్తుందని ఆయా దూరంగా కూర్చోమంది. ఆవిడ రెండడుగులు జరిగి కూర్చుంది. నన్ను చూసి, "నీ పిల్లా తగులుకుందా అమ్మాయ్" అని లేచివచ్చి పాప తల నిమిరింది. మధ్యలో ఎప్పుడో నాకు గ్లాసుడు టీ తెచ్చిపెట్టింది. ఆ నాలుగు రోజులూ నేను ఆవిడ చేతి టీ తాగాను.

నాలుగోరోజు పాప ఏడుస్తుంటే కన్నీళ్ళు వచ్చాయి. ఆ తడి నా వేలితో తుడవలేదు, అట్లాగే ఉండనిచ్చాను. పెద్దమ్మ మనవరాలు కూడా బతికింది. కానీ జుట్టు ఊడిపోయి, కాళ్ళు పుల్లలయి, నెల రోజులదాకా మెట్లెక్కలేకపోయింది. పెద్దమ్మ ఒకసారి బిందెతో ఎక్కి, మళ్ళీ దిగివచ్చి పిల్లను ఎత్తుకుని ఎక్కేది.

ఇంటికి వచ్చిన మర్నాడే రెండో అర్జీ రాశాను. అంత కోపంగా ఇంగ్లీషు నేను పరీక్షల్లో కూడా రాయలేదు. నిర్లక్ష్యం అన్నాను, పసిప్రాణాలు అన్నాను, మురుగు కలిసిన నీరు సరఫరా చేస్తున్నారన్నాను. గుంట మాట ఒక్క వాక్యంలో ఉంది, కుళాయి గుంటలో ఉన్నది అని. ఆ గుంట దానంతటదే ఏర్పడినట్టు. కాటుక డబ్బీ తీసుకుని కొండ మీదికి నేనే వెళ్ళాను. ఏం రాశావని ఎవరూ అడగలేదు. నేను చదివి వినిపించలేదు. వేళ్ళు చాచారు.

ఈసారి వారంలో వచ్చారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఆయన వెనక పాత ఓవర్సీరు, బ్లీచింగు పౌడరు డబ్బాతో ఒక మనిషి. వీధి ఆడవాళ్ళంతా చేరారు. పెద్దమ్మ మనవరాల్ని భుజాన వేసుకుని మొదటి మెట్టు మీద నిలబడింది. ఇన్‌స్పెక్టరు గుంటలోకి వంగి చూసి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"కుళాయి మేము ఇట్లా వెయ్యలేదే. ఎవరు తవ్వారు ఈ గుంట?"

ఆయన చేతిలో అర్జీ ఉంది. దాని నిండా కాటుక వేళ్ళు. కాగితం చూశాడు, మెట్లమీది జనాన్ని చూశాడు, చివరికి నన్ను చూశాడు. నేను ఇస్త్రీ చీర కట్టుకుని ఉన్నాను.

"కొండవాళ్ళ పనే అయ్యుంటుంది. ఏమ్మా, చదువుకున్నవారు మీరుండి కూడా చెప్పలేకపోయారా వీళ్ళకు?"

నేను నోరు తెరవాల్సింది అప్పుడే. ఒక్క మాట చాలు. వీధంతటికీ తెలుసు తవ్వించింది ఎవరో. ఫిట్టరు తాగిన కాఫీ గ్లాసు కూడా వాళ్ళకు తెలుసు. అందరూ నేనే చెబుతానని ఆగారు. నేను పాప రిబ్బను సరిచేస్తూ నిలబడ్డాను.

ఓవర్సీరు మాత్రం తన ధోరణిలో అన్నాడు. "నేను ఆ రోజే అన్నాను సార్, పదిహేనో మెట్టు మలుపులో అయితే కాలువకు దూరం, పొడిగా ఉంటుందని. ఈవిడే ఇక్కడ కావాలన్నారు."

పెద్దమ్మ తల తిప్పి మలుపుకేసి చూసింది. తరవాత నాకేసి. తిట్టలేదు. ఆవిడ తిట్లు ఎట్లా ఉంటాయో వీధంతటికీ తెలుసు, బేరం కుదరనివాళ్ళ మూడు తరాలు కదిలేవి. ఆ రోజు పిల్లను ఆ భుజం మీదినుంచి ఈ భుజానికి మార్చుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

కుళాయి మూతికి ఇనప బిరడా కొట్టి, గుంట పూడ్చి, మీద తెల్లపొడి చల్లారు. రాళ్ళ వరస మళ్ళీ వీధి చివరికి పోయింది. నెల తిరక్కుండా కొండమీద ట్యాంకు కట్టించమని అడగడానికి కొండ మగవాళ్ళు ఇద్దరు ఆఫీసుకు వెళ్ళారు. గొట్టాలు కోసుకున్నవాళ్ళని వాళ్ళ పేరున కాగితం ఉందట. ఆ కాగితం తేలేదాకా కుదరదన్నారట.

ఆ మాట నాకు చెప్పింది పెద్దమ్మే. చెప్పడానికి రాలేదు, అడిగితే చెప్పింది. "కుదరదంటన్నారండి" అంది.

అప్పటిదాకా నేను అమ్మాయిని, బియ్యేని, కోపం వస్తే ఒసేయ్‌ని. ఆ రోజునుంచి అమ్మగారిని. నువ్వు పోయి మీరు వచ్చింది. మా వారితో చెబితే, "మర్యాదగానే మాట్లాడుతోందిగా, ఇంకేం?" అన్నారు.

ఎన్నాళ్ళకో గానీ మూడో కాగితం రాయలేకపోయాను. ఈసారి తెలుగులో రాశాను. గుంట తవ్వించింది నేను. కొండవారికి దానితో సంబంధం లేదు. మెట్ల మలుపులో కుళాయి వేయగలమని చెబితే వద్దన్నది కూడా నేను. రాసి, పైకి వెళ్ళి, పెద్దమ్మ వాకిట్లో నిలబడి మొదటినుంచి చివరిదాకా చదివాను. ఆవిడ వల సంచి కుట్టుకుంటూ వింది. పక్కిళ్ళవాళ్ళు కూడా వచ్చి విన్నారు. చదవడం అయ్యాక కాటుక డబ్బీ తీశాను. ఎందుకు తీశానో. అలవాటు.

పెద్దమ్మ దారం పంటితో తెంపి, "దీనికి మా ఏళ్ళెందుకండి?" అంది. "మీది ఒక్కటి చాలు."

ఆఫీసులో నీళ్ళ సెక్షను గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇందులో మీరు అడిగిందేముందమ్మా? అర్జీ అంటే ఏదో ఒకటి కావాలని ఉండాలి. దీన్ని ఏ సెక్షనుకు పంపమంటారు?"

"కొండవాళ్ళ పేరున ఉన్న కాగితం తీసేయమని అడుగుతున్నానండి."

"అది వాళ్ళు అడగాలి. మీరు కొండవారు కాదుగా? వాళ్ళచేత రాయించి, వేలిముద్రలు వేయించుకురండి."

"తప్పు నాదని రాశానుగదండి."

"రాశారు. ఉంచుకుంటాం" అన్నాడు. నంబరు వేసి తీసుకున్నాడు. ఆ నంబరు చీటీ ఇంకా నా పెట్టెలో ఉంది.

కొండవాళ్ళచేత రాయించడానికి వాళ్ళకు రాసిపెట్టేవాళ్ళు కావాలి. రాసిపెట్టే మనిషి వీధిలో నేనొక్కదాన్నే. నేను రాసిన కాగితం మీద వేలు పెట్టకూడదని వాళ్ళకు ఇప్పుడు తెలుసు.

పాపకు మూడేళ్ళు దాటాయి. నీళ్ళకు నాతోబాటే వస్తుంది, సీసా తనే పట్టుకుంటానని. మా ఇంట్లో నీళ్ళు మరగకుండా గొంతు దిగవు. రాత్రి అందరూ పడుకున్నాక రేపటికి కాచి దించి, చల్లారేదాకా కూర్చుంటాను. ఇది ఆ వేళల్లో రాసిందే. సీసా ఇప్పుడు ఎంత పెందరాళే తీసుకుపోయినా వరస చివరే ఉంటుంది. దాన్ని ఎవరూ వెనక్కి నెట్టరు, తమ రాళ్ళు దాని ముందు పెట్టుకుంటారంతే. ముందు రాయి తాలూకు మనిషి రాకపోయినా ముందుకు జరపరు.

నిన్న పొద్దున పెద్దమ్మ బిందె నింపుకుని తలమీదికి ఎత్తుకుంటుంటే పాప అడ్డం వెళ్ళి, "మామ్మా, నేనూ మీ ఇంటికి వస్తా" అంది.

"నా బంగారమే! ఎనభై నాలుగు మెట్లే పిల్లా, నీ బుల్లి కాళ్ళు ఎక్కుతయ్యా?" అని నవ్వి పాప గడ్డం పుణికింది. అదే చేత్తో బిందె సర్దుకుని, దారిలో నిలబడ్డ నావైపు చూసింది.

"కాస్త పక్కకి జరగండి అమ్మగారూ. నీళ్ళు తొణుకుతయ్యి."

జరిగాను.